బొమ్మ వెనక నాన్న

నిజాం మీద పోలీసు చర్య జరిగి ఏడాది నిండబోతున్నదని మా బడిలో పిల్లల బొమ్మల ప్రదర్శన పెట్టారు. సికింద్రాబాదులో మిషనువాళ్లు నడిపే ఆడపిల్లల బడి అది. నేనప్పుడు ఫస్టు ఫారం, అంటే ఆరో తరగతి చదువుతున్నాను. నాన్న రైల్వేలో గుమాస్తా. మెట్టుగూడ క్వార్టర్లలో ఉండేవాళ్లం.

డ్రాయింగు టీచరు గుంటూరు వైపు నుంచి ఆ వేసవి తర్వాతే వచ్చింది. పత్రికలో పడ్డ ఫోటో ఒకటి దగ్గర పెట్టుకుని బోర్డు మీద నమూనా గీసింది. మధ్యలో టాంకు, దాని మీద సిపాయి, అటూ ఇటూ దండలు పట్టుకున్న జనం, వెనక తలుపులు తెరిచిన ఇళ్లు, అన్నిటికీ పైన మూడు రంగుల జెండా. అందరం చూసి దించాలి.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. టాంకు చక్రాలు బాగానే వచ్చాయి. అయినా లేచి నీళ్లు తాగొచ్చాను, పెన్సిలు చెక్కాను, మళ్లీ లేచాను. ఆ బొమ్మలో నాకు తెలిసింది ఒక్కటీ లేదు.

నా పక్కన కూర్చునే అమ్మాయి మౌలాలి నుంచి వచ్చేది. ముస్లింలు. వాళ్ల నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్లాసులో అందరికంటే బాగా వేసేది. నమూనాలో ఉన్నవన్నీ ఉన్నట్టే వేసింది కానీ, వెనక ఇళ్ల తలుపులన్నీ మూసేసింది. కిటికీ రెక్కల మధ్య సందు కూడా కనబడకుండా నల్లగా దిద్దింది.

"తలుపులెందుకు మూసేశావమ్మా? అందరూ సంతోషంగా బయటికొచ్చిన రోజు కదా," అంది టీచరు.

"మా గల్లీల గిట్లనే ఉండె, టీచర్," అంది ఆ పిల్ల తలెత్తకుండా.

టీచరు చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. తర్వాత, టాంకును కళ్లారా చూసినవాళ్లు చేతులెత్తమంది. ఎక్కడో ఒకటి రెండు చేతులు లేచాయి. మిగతా అందరినీ ఇళ్లలోనే కూర్చోబెట్టారు. తనూ చూడలేదని టీచరు చెప్పింది. ఆ రోజు వాళ్ల ఊళ్లో మిఠాయి పంచితే తిన్నదట, అంతే.

"కాగితం తిప్పండి. ఇటువైపు నేను చెప్పినట్టు వేశారు. అటువైపు మీరు చూసింది వెయ్యండి. దానికి నమూనా లేదు," అంది.

నేను చూసింది నాన్నను. మా బాబాయి ఇంజను మీద ఫైర్‌మన్. బెజవాడ లైనులో బండితో వెళ్లాడు, ఇంతలో బండ్లు ఆగిపోయాయి. అతను ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు లేరు. పక్కింటి రేడియోలో సైన్యం ఊళ్లోకి వచ్చిందని వినబడుతుంటే, వీధిలో ఎవరో జై కొడుతుంటే, నాన్న మాత్రం ముందు గదికీ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. అమ్మ కంచం పెట్టి పిలిచినా కూర్చోలేదు. రోజులు గడిచాక బాబాయి పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చాడు, కాళ్లు బొబ్బలెక్కి.

నడకను ఎట్లా వెయ్యాలో తెలియలేదు. ఒక్క నాన్నను వేస్తే నిలబడ్డట్టు ఉంది. అందుకని గడప దగ్గర ఒక నాన్నను, కిటికీ దగ్గర ఇంకో నాన్నను, కంచం పక్కన, పెరట్లో, గది నిండా నాన్నలను వేశాను.

"ఇంతమంది ఎవరే?" అని నవ్వబోయింది టీచరు.

"ఒక్కరే టీచర్. కూసోలేదు."

పక్కమ్మాయి వాళ్లమ్మను వేసింది. పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేస్తోంది. పేర్చిన రొట్టెలు ఇంటికప్పును తాకుతున్నాయి. వాళ్లన్న రజాకార్లతో కలిసి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆకలితో వస్తాడని వాళ్లమ్మ సైన్యం వచ్చిన ఆ రోజంతా చేస్తూనే ఉందట. తర్వాత ఎన్నో ఏళ్లు నేనూ బడిలో డ్రాయింగు చెప్పాను. బొమ్మకు రూపం ఎక్కణ్నుంచి వస్తుందని ఎవరైనా అడిగితే, నాకు ఆ కప్పును తాకిన రొట్టెలే ముందు గుర్తుకొచ్చేవి.

ప్రదర్శన ముందురోజు హెడ్‌మిస్ట్రెస్ వచ్చి, ఆ ముస్లింల అమ్మాయి బొమ్మలో ఒక్క తలుపైనా తెరిపించమంది. టీచరు అలాగేనంది కానీ కుంచె ముట్టుకోలేదు. మైదా జిగురు కాగితాల పై అంచుకు మాత్రమే రాసి గోడకు అంటించింది, కింది నుంచి ఎత్తి చూడొచ్చని.

మర్నాడు తల్లిదండ్రులు వచ్చారు. వరసగా టాంకులే చూసి, ఒకేలా ఉన్నాయనుకుంటూ వెళ్లిపోతున్నారు. నేను ఓ చోట నిలవలేక నాన్న చెయ్యి పట్టి లాక్కొచ్చి నా కాగితం ఎత్తాను. నాన్న వంగి చాలాసేపు చూశాడు.

"గిదంత నేనేనా?"

అవునన్నాను.

"నేను గంతగనం తిరిగిన్నా?" అన్నాడు మెల్లగా. పిల్లలు చూడలేదనుకున్నాడేమో.

పక్కనే బురఖా వేసుకున్న ఒకావిడ ఒక కాగితం ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది. రొట్టెల బొమ్మ. ఆవిడ మా పక్కమ్మాయి వాళ్లమ్మని, కొడుకు తిరిగి రాలేదని నేను నాన్న చెవిలో చెప్పాను. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ పిలగాని ఖబర్ ఏమన్న తెలిసిందా అమ్మా?"

"లేదు సాబ్. ఎవర్నడిగినా తెల్వదంటున్నరు."

వయసెంత, ఎత్తెంత, ఎటువైపు వెళ్లాడని నాన్న అడిగి తెలుసుకున్నాడు. అన్ని లైన్లలో అడిగిస్తానన్నాడు.

ఇంటికి పోతుంటే మోండా మార్కెట్ దగ్గర మా క్వార్టర్లలో ఉండే ఒకాయన కలిశాడు. సంగతి విని, రజాకారు కోసం నీకెందుకు పరేషానీ అన్నాడు.

"మా తమ్ముడు సుత రాకపోతే నేను గిట్లనే అడుగుతుంటి గద," అన్నాడు నాన్న.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగిన డ్రైవర్లనూ గార్డులనూ నాన్న అడిగేవాడు. గుల్బర్గా వైపు వాడి అనే జంక్షన్లో అటువంటి కుర్రాణ్ని చూశానని ఒక గార్డు చెబితే, ఆదివారం తనే బండెక్కి వెళ్లాడు. అతను కాదు. ఆవిడకు ఆ మాట చెప్పడానికి మౌలాలి దాకా నడిచి వెళ్లి, చెప్పలేక వాకిట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి చెప్పి వచ్చాడు. నేను బడి ముగించేనాటికి ఆవిడ అడగడం మానేసింది. నాన్న మాత్రం కొత్త గార్డు ఎవరొచ్చినా అడుగుతూనే ఉండేవాడు. ఖబర్ రాలేదు.