సంచీ కూర్చున్న సీటు

చదువుతో విదేశాలకు వెళ్లినవాళ్లున్నారు, పలుకుబడితో వెళ్లినవాళ్లున్నారు. గోలీసోడా తాగి వెళ్లినవాణ్ణి మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఆ సోడా వల్ల నా ఉద్యోగం పోయింది, పరువు పోయింది, ఒంటి మీద చర్మం కూడా కొంత పోయింది. పోవాల్సిన నేను మాత్రం పోలేదు. ఎలా పోలేదో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా వీధిలో ఎవరూ పడలేదు.

ఎనభైల్లో సంగతి. నరసరావుపేటలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై, ఫ్యూజు పోతే తప్ప ఎవరికీ గుర్తురాని మనిషిగా బతుకుతున్న రోజులు. మస్కట్‌లో ఎలక్ట్రీషియన్లు కావాలి, హైదరాబాదులో ఇంటర్వ్యూ, వచ్చే సోమవారం పొద్దున్నే రావాలి అని ఒక ఏజెంటు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయన పిలిచింది ఇంటర్వ్యూకే. నేను మాత్రం ఉద్యోగంలో చేరిపోతున్నట్టు ఇంటింటికీ వెళ్లి వీడ్కోలు తీసుకున్నాను. నా సైకిలు బాబాయి కొడుక్కి దానం చేశాను. స్టూడియోకి పోయి మెళ్లో పూలదండతో ఫోటో దిగాను. అది చూసి అమ్మ, "శుభమా అని పోతా ఈ దండ ఫోటో ఏందిరా!" అని దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది.

బయల్దేరేముందు అమ్మ నా చేతిలో రెండు వస్తువులు పెట్టింది. ఒకటి గోంగూర పచ్చడి సీసా. రెండోది ఎర్రంచు తువాలు.

"పచ్చడి సరే, ఈ తువాలెందుకమ్మా?"

"సీటు మీద వెయ్యటానికిరా. పెళ్లిళ్ల రోజులు, బస్సుల్లో కాలు పెట్ట సందుండదు."

"ప్యాంటేసుకుని భుజం మీద తువాలా? పాస్‌పోర్టున్న మనిషినమ్మా నేను!"

"అయితే ఆ పాస్‌పోర్టే విసురు సీటు మీదకి! నోరు మూసుకుని పెట్టుకో."

అమ్మ నోటి మాట అంత తొందరగా ఫలిస్తుందని తెలిస్తే, ఇంకేదైనా మంచి మాట అడిగి అనిపించుకునేవాణ్ణి. తువాలు భుజాన వేసుకోకుండా దాంతో పాస్‌పోర్టును చుట్టబెట్టి, పచ్చడి సీసా పక్కన, రెక్సిన్ సంచీలో పడుకోబెట్టాను. పాస్‌పోర్టుకు పరుపు కూడా వేశానని మురిసిపోయాను.

మా వైపు బస్సెక్కే పద్ధతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువాళ్లు ఎగురుతాయి. తువాలు ఎక్కడ పడితే ఆ సీటు దాని తాలూకు మనిషిది. తువాలు లేకపోతే చెప్పు, చెప్పు లేకపోతే వేపకొమ్మ, ఏదీ లేకపోతే చంటిపిల్లాడు. పొలం పట్టా కోర్టులో చెల్లకపోవచ్చుగానీ బస్సులో తువాలు చెల్లి తీరుతుంది. నిలబడ్డవాళ్లు కాళ్లు పీకి చచ్చినా తువాలున్న సీట్లో కూర్చోరు. అయితే ఈ చట్టంలో రెండో సెక్షను ఒకటుంది. తువాలు విసిరినవాడు బస్సు కదిలేలోగా తలుపులోంచి వచ్చి కూర్చోవాలి. నేను మొదటి సెక్షనే చదువుకున్నాను.

గురజాల, మాచర్ల మీదుగా హైదరాబాదు పోయే బస్సు వచ్చింది. నరసరావుపేట సగం దానిమీద పడింది. నా దగ్గర బయట ఉన్నది జేబురుమాలు ఒక్కటే. జేబురుమాలుకు ఎవడు భయపడతాడు? సీటు మీద కాస్త హోదా ఉన్న వస్తువు పడాలనిపించింది. అంతే, సంచీని కిటికీలోంచి లోపలికి విసిరాను. లోపల ఇనుప కడ్డీకి తగిలి 'ఠంగ్' మంది. రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడ్డ చప్పుడులా వినిపించింది నాకు.

పక్క సీట్లో అప్పటికే నా ఈడువాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. నల్లగా, దిట్టంగా, చేతుల నిండా కాలిన మచ్చలతో ఉన్నాడు.

"అన్నా, అది నా సీటు. కాస్త చూస్తుండు!" అని అరిచాను.

"చూస్తాలే, ఎక్కు!" అన్నాడు.

తలుపు దగ్గర చూస్తే తేనెపట్టులా జనం. సీటున్నవాడికి తోపులాట దేనికి? ఆలస్యం అమృతం విషం అన్నారుగానీ సోడా సంగతి చెప్పలేదు కదా! పక్కనే బండి. ఒకటి కొట్టించాను. తాగుతూ, తలుపు దగ్గర నలుగుతున్న ఒక ముసలాయనకు జ్ఞానబోధ మొదలెట్టాను.

"పెద్దాయనా, ఎందుకంత ఆయాసం? కొంచెం తెలివుండాలి. నాలాగా ముందే సీటేసుకుంటే ఇట్టా సోడా తాగుతా నిలబడొచ్చు."

"నిలబడు నాయనా, నిలబడు," అన్నాడాయన.

సోడా బండివాడు, "ఇంకోటి కొట్టమంటావా అన్నా?" అన్నాడు.

మొదటి సోడా నన్నేమీ చెయ్యలేదు. ఆ పాపం రెండోదానిది. గోలీ లోపలికి దిగడం, కండక్టరు ఈల వెయ్యడం, నేను తల వెనక్కి వంచి కళ్లు మూసుకోవడం ఒక్కసారే జరిగాయి. కళ్లు తెరిచేసరికి బస్సు గేటు దాటుతోంది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ముసలాయన నా వైపు చెయ్యి ఊపుతున్నాడు.

పరుగెత్తాను. కడుపులో రెండు సోడాలతో పరుగెత్తడం ఎలా ఉంటుందో వర్ణించను. బస్టాండు కంట్రోలరు దగ్గరకెళ్లి పడ్డాను.

"సార్, నా బస్సు పోయింది!"

"నీదేంది, గవర్నమెంటుది. ఇంకోటి సాయంత్రం ఉంది."

"నా సంచీ అందులో ఉంది సార్! సీటేశాను!"

"సంచీ ఎక్కింది, నువ్వు ఎక్కలా?"

"ఎక్కలేదు సార్."

"మరింకేం బాధయ్యా? మీ ఇద్దర్లో తెలివిగలది పోయింది."

పాస్‌పోర్టు లేకుండా రేపటి ఇంటర్వ్యూ లేదు. ఇంటర్వ్యూ లేకుండా మా వీధిలోకి తిరిగి వెళ్లే మొహం లేదు. ఇల్లు కదలని నా సంచీ సంచారానికి పోతే, సంచారానికి పోవాల్సిన నేను బస్టాండులో మిగిలాను. అప్పుడు దొరికాడు మస్తాన్ భాయ్. సిమెంటు దింపేసి, ఖాళీ లారీతో మాచర్ల తిరిగిపోతున్న డ్రైవరు. నా కథ విని స్టీరింగు మీద తల పెట్టి చాలాసేపు నవ్వాడు.

"ఎక్కు తమ్ముడూ. క్యాబిన్‌లో చోటు లేదు, మావాళ్లు పెళ్లికి వస్తన్నారు. వెనకెక్కు."

వెనకెక్కాను. మే నెల ఎండ, పైన టార్పాలిన్ లేదు, అడుగున చీలమండ లోతు సిమెంటు దుమ్ము. లారీ కదిలాక ఆ దుమ్ము లేచి నన్ను కౌగిలించుకుంది. చెమటకు సిమెంటు కలిస్తే ఏమవుతుందో మేస్త్రీలకు చెప్పక్కర్లేదు. పిడుగురాళ్ల చేరేసరికి నేను మనిషిని కాదు, సగం లేచిన పిట్టగోడను.

పిడుగురాళ్ల బస్టాండులో దిగి, హైదరాబాదు బస్సేమైందని అడిగాను.

"ఇందాకే పోయింది. ఒక సంచీ దర్జాగా సీట్లో కూర్చుని పోతంది, జనమేమో నిలబడ్డారు. ఎవరిదో ఆ సంచీ!"

గురజాలలో నేను నోరు తెరవకముందే అక్కడి కంట్రోలరు అడిగాడు. "సోడా మనిషివి నువ్వేనా?"

"నేనే సార్."

"రెంటచింతలలో చర్చి పక్కన వెల్డింగు షాపు. బాలశౌరి అని ఉంటాడు. సంచీ తన దగ్గరుంచుతానని కండక్టరుతో చెప్పించాడు. అవునూ, ఒకటి తాగావా, రెండా? ఇక్కడ పందెం నడస్తంది."

కీర్తి కాళ్ల మీద వస్తుందనుకునేవాణ్ణి. నాది బస్సులో నాకంటే ముందు పోతోంది.

రెంటచింతలలో మస్తాన్ భాయ్ నన్ను దించి, సలాం పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఊరి ఎండ గురించి విని ఉంటారు. విన్నది తక్కువ. వెల్డింగు షాపు వెనకున్న ఇంటి ముందు నేను నిలబడగానే, గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ సిలువ గుర్తు వేసుకుంది.

"మరియతల్లీ! ఒరేయ్ శౌరీ, ఎవుడో బొమ్మలాగా నిలబడ్డాడు, మాట్లాడతన్నాడ్రా!"

లోపల్నుంచి బస్సులోని నల్లటివాడు సంచీతో సహా వచ్చాడు. అతనే బాలశౌరి.

"వచ్చావా సోడా! నీ సంచీ పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కాదు. 'సంచీ తియ్యి, కూర్చుంటా' అని ఒక్కొక్కడూ మీదకొస్తన్నాడు. 'మనిషున్నాడు, కింద సోడా తాగతన్నాడు, వస్తాడు' అని ఒకటే మాట. సత్తెనపల్లి పెళ్లివాళ్లు కొట్టబోయారు గూడా!"

"బస్సు కదిలాక కూడా అదే చెప్పావా?"

"మరి నాకు చూడమని చెప్పావు గదా! నా ఊరొచ్చిందాకా చెప్పా."

నాకు కళ్లు తిరిగాయి. పడిపోబోతుంటే వాడు పట్టుకుని, "అమ్మా, నీళ్లు తీసుకురా, నెత్తిన పోద్దాం!" అని అరిచాడు.

"నీళ్లు పోస్తే ఇంకా గట్టిపడతాడేమోరా! ముందు దులుపు!"

ముందు దులిపి, తర్వాత పోశారు. కొంత చర్మం కూడా రాలింది. నా బట్టలు నిలబెడితే నిలబడేలా ఉంటే వాటిని బయట వదిలేసి, బాలశౌరి చొక్కా, ప్యాంటు తొడిగారు. మజ్జిగన్నం పెట్టారు. తింటుంటే పెద్దావిడ ముక్కు ఎగబీల్చింది.

"ఏంది, గోంగూర వాసన?"

"గోంగూర లేని ఇల్లెక్కడుందిలే పెద్దమ్మా," అని సంచీని ఇంకాస్త గట్టిగా హత్తుకున్నాను. తెరిచి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఎండకు బుద్ధి ఆవిరైపోయింది మరి.

సాయంత్రం బస్సుకు బయల్దేరుతుంటే ఆవిడ కొడుకును కేకేసింది. "ఒరేయ్, వీడి దగ్గర సంచీయే నిలవలా, మనిషి నిలుస్తాడా? తోడు పో. నీ పాస్‌పోర్టు గూడా జేబులో పెట్టుకో. దేవుడు ఏ తలుపు ఎప్పుడు తీస్తాడో!"

వెల్డరుకి పాస్‌పోర్టేమిటంటారా? అంతకుముందు ఫాదరుగారొకరు చర్చిలో పాటలు పాడేవాళ్లందర్నీ రోముకు తీసుకెళ్తానన్నారు. అందరూ పాస్‌పోర్టులు తీయించాక ఫాదరుగారికి బదిలీ అయింది. రోము రోములోనే ఉండిపోయింది, పాస్‌పోర్టు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది.

మాచర్లలో బస్సు మారాం. బాలశౌరి తన తువాలు ఒకసారి ఝాడించి విసిరితే అది రెండు సీట్ల మీద పరుచుకుని పడింది. ఆ విద్య చూసి సిగ్గుపడ్డాను. వాడు మాత్రం నన్ను రెక్క పట్టుకుని తలుపు వైపు ఈడ్చాడు. "అటు సోడా బండుంది, చూడబాక!"

పొద్దున్నే హైదరాబాదులో, ఒక లాడ్జి గదిలో, ఏజెంటు ముందు కూర్చున్నాను. వైరింగు గురించి అడిగిన ప్రతిదానికీ టకటకా చెప్పాను. ఆయన ముచ్చటపడి చెయ్యి చాపాడు. "శభాష్! పాస్‌పోర్టు ఇయ్యి."

సంచీ తెరిచాను. సీసా రెండు ముక్కలై ఉంది. బస్సు కడ్డీకి తగిలిన ఆ 'ఠంగ్' ఇదన్నమాట! ఎర్రంచు తువాలు మొత్తం ఎరుపైంది. దాని మడతల్లోంచి, నూనె ఓడుతూ, పోపు గింజలు అంటుకుని, నా పాస్‌పోర్టు బయటికొచ్చింది. ఏజెంటు దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు. నా ఫోటో ఉన్న పేజీ మీద ఎండుమిరపకాయ ముక్క ఒకటి మీసంలా అతుక్కుని ఉంది.

"ఏంది భై ఇది? పాస్‌పోర్టా, పచ్చడా?"

"లోపలుంది పాస్‌పోర్టేనండీ..."

"దీని మీద వీసా ముద్ర వేయరు తమ్మీ. అన్నం కలుపుకుంటరు. పో, కొత్తది తీస్కొని మళ్లెప్పుడన్నా రా."

తువాలును ఆ గది గుమ్మంలోనే విసిరికొట్టి బయటపడ్డాను. వెనకే ఏజెంటు వచ్చి, గుమ్మం దగ్గర తువాలు తీసి మడుస్తున్న బాలశౌరిని చూశాడు.

"నువ్వెవరు?"

"వీడికి తోడొచ్చానండీ."

"ఆ చేతుల మీద మచ్చలేంది?"

"వెల్డింగు నిప్పురవ్వలండీ. ట్రాక్టరు ట్రక్కులు అతుకుతా."

"పాస్‌పోర్టుందా?"

"ఉందండీ. కానీ అది రోముదండీ."

ఆ నెలాఖరుకు రోము పాస్‌పోర్టు మస్కట్ పోయింది, బాలశౌరితో సహా. ముందు విసిరిన సంచీకన్నా వెనకొచ్చిన వెల్డరు వాడి. ఆ వెల్డరు చొక్కా ఇంకా నా ఒంటి మీదే ఉంది! నేను దాంతోనే నరసరావుపేటలో దిగాను. మా వీధి మొదట్లోనే ఎదురింటి పిన్ని పలకరించింది. "అప్పుడే వచ్చావేందిరా అబ్బాయ్? మస్కట్ మూసేశారా?"

బాబాయి కొడుకు సైకిలు తిరిగివ్వలేదు. అమ్మ మాత్రం ఒకటే మాట అంది. "నా పచ్చడిని అనబాక. నా తువాలు విసిరుంటే ఈ గొడవుండేదా?"

మళ్లీ ఫ్యూజులు కట్టాను. కొత్త పాస్‌పోర్టు తీయించాను, దాన్ని గోంగూరకు వీధి అవతల ఉంచాను. చాన్నాళ్ల తర్వాత బాలశౌరి దగ్గర్నుంచి కబురొచ్చింది: "ఫోర్‌మన్‌తో మాట్లాడా. ఎలక్ట్రీషియన్ ఖాళీ ఉంది. వీసా పంపిస్తన్నా. ఈసారి నువ్వు ఎక్కు."

ఎక్కాను. మస్కట్‌లో వాడు నన్ను విమానాశ్రయం నుంచి తిన్నగా లేబరు క్యాంపుకు తీసుకెళ్లాడు. పది మంది కిక్కిరిసిన గది. వాడి మంచం పక్కన ఒక్క మంచం మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఎర్రంచు తువాలు పరిచి ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గోంగూర మరక, మధ్యలో దేశపటంలా.

"ఇది... మా అమ్మ తువాలు కదరా!"

"ఆ. నీ సీటు. మలయాళీ వచ్చాడు, పంజాబీ వచ్చాడు, ఫోర్‌మన్ బామ్మర్ది గూడా వచ్చాడు. ఎవుణ్ణీ కూర్చోనియ్యలా."

"ఇన్నాళ్లూ ఏమని చెప్పావురా?"

"ఏం చెప్తా? 'మనిషున్నాడు, కింద సోడా తాగతన్నాడు, వస్తాడు' అని చెప్పా."

ఆ మంచం మీద కూర్చున్నవాణ్ణి ఈ మస్కట్ నుంచి ఇప్పటిదాకా లేవలేదు. అమ్మ సీటు మీద వెయ్యమని ఇచ్చిన తువాలు, చుట్టు తిరిగినా, చివరికి సీటు మీదే పడింది.

కనుక కోటప్పకొండ త్రికోటేశ్వరుడి సాక్షిగా, రెంటచింతల మరియమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా ఇక సంచీని కిటికీలోంచి విసరను. సీటు వేశాక సోడా తాగను, తాగినా రెండోది ముట్టను. అంతగా సీటు కావాల్సి వస్తే, కిటికీలోంచి బాలశౌరినే విసురుతాను. పగలడు, కారడు, నేను వచ్చేదాకా లేవడు.