తోట గేటుకు నా అతుకు

ఎనభైల చివర్లో గల్ఫ్‌లోని బర్కాలో మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, ఒక ఖర్జూరం తోట, రోడ్డు పక్కన ఒక వెల్డింగ్ షాపు ఉండేవి. తోటకు నీళ్ళు కట్టడానికని నన్ను తెచ్చి, షాపులో చేతికింద మనిషి లేడని అక్కడ వేశాడు. షాపు ఉస్తాద్, అంటే పని నేర్పే మేస్త్రీ, కడప వైపు సాయిబు. ఆయన చుట్టీ మీద, అంటే సెలవు మీద, ఇంటికి వెళ్ళేలోగా నాకు గ్యాస్ వెల్డింగ్ వస్తే షాపులో ఉంటాను, రాకపోతే మళ్ళీ తోటకే. ఆ ఎండలో పాదులు తవ్వడం కన్నా మంట ముందు కూర్చోవడమే చల్లగా ఉంటుందని నాకు అప్పటికే తెలుసు.

మంట కుదర్చడమే ఒక చదువు. గ్యాస్ ఎక్కువైతే మసి ఎగిరి నా ముఖం మీదే వాలేది. ఆక్సిజన్ ఎక్కువైతే మంట బుసలు కొట్టేది. రెండూ కుదిరి లోపల చిన్న నీలం మొన నిలిచేసరికి నిప్పురవ్వలు పడి నా చొక్కా జల్లెడైంది. నేను అతికిన ప్రతి ముక్కకూ ఉస్తాద్ సుత్తితో ఒక్కటి వేసేవాడు. అది అప్పడంలా విరిగేది. రేకుకు చిల్లు పడుతుందేమోనన్న భయంతో నేను మంటను ఒకచోట నిలపకుండా పరుగెత్తించేవాణ్ణి, అందుకని లోపల ఇనుము కరిగేది కాదు. ఇనుముకు సున్నం కొడుతున్నానని ఆయన ఎగతాళి. ఒళ్ళు మండేది గానీ, విరిగినవి నా ముక్కలే కాబట్టి ఇంకో ముక్క అందుకునేవాణ్ణి.

ఆయన ప్రయాణానికి ముందురోజు తోట గేటు తిరిగే బందు ఊడింది. అక్కడ కరెంటు లేదు కనుక సిలిండర్లు పికప్‌లో వేసుకుని వెళ్ళాం. పని నాకు వదిలేసి ఉస్తాద్ లోపల అర్బాబ్‌తో కావా, అదే అరబ్బు కాఫీ, తాగుతూ కూర్చున్నాడు. నేను గేటు మూసి, బయట గొంతుక్కూర్చుని మొదలుపెట్టాను. ఈసారి పరుగెత్తలేదు. రెండు అంచులూ కరిగి ఒకే బొట్టుగా కలిసేదాకా ఆగి, అప్పుడు కడ్డీ అందించాను. ఎంత బాగా వచ్చిందంటే ఆపబుద్ధి కాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, బందు చుట్టూ తిప్పి తిప్పి అతికాను.

తీరా గేటు తెరవబోతే కదల్లేదు. తిరగాల్సిన ఇరుసును కూడా కలిపి అతికేశాను. లోపల అర్బాబ్, ఉస్తాద్. బయట నేను, పికప్పు.

మేకలు దూరే కంచె సందులోంచి ఇద్దరూ వంగి బయటికొచ్చారు. అర్బాబ్ వేసుకున్న తెల్లటి దిష్‌దాషా, ఆ పొడుగు అంగీ నిండా మట్టి. ఉస్తాద్ పికప్‌లోంచి సుత్తి తీసి బందు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గేటంతా అదిరింది గానీ అతుకు విరగలేదు. గేటు తెరుచుకోనందుకు సిగ్గుగానే ఉంది, కానీ అతుకు విరగనందుకు సంతోషం అంతకన్నా ఎక్కువై నవ్వేశాను.

"అతికేది వచ్చిందబ్బీ నీకు," అన్నాడు ఉస్తాద్. "ఇంగ యాడ అతకగూడదో నేర్చుకో."

తర్వాత అర్బాబ్ వైపు తిరిగి, వీణ్ణి తోటలో వదిలితే చెట్లను కూడా అతికేస్తాడు, షాపులో ఉంచడమే మేలని హిందీలో చెప్పాడు. అర్బాబ్ దుమ్ము దులుపుకుంటూనే తలూపాడు.

మర్నాడు ఉస్తాద్ విమానం ఎక్కాడు. షాపు మనిషిగా నాకు అప్పజెప్పిన మొదటి పని ఆ అతుకు కోయడం. అంత మంచి అతుకు నా చేతులతో నేనే కోస్తుంటే, నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.