బెల్లు నొక్కని హైమావతి

హైమావతి ఎవరి గుమ్మంలోనూ బెల్లు నొక్కదు, "ఓదీ!" అని గొంతెత్తి పిలుస్తుంది. ఆఫ్రికాలో మలావీ పల్లెలో కాపురమున్న ఇరవయ్యేళ్లలో అలవాటైన పిలుపది, 'ఇంట్లో ఎవరున్నారు' అన్నట్టు. ఆ కేక వింటే పొరుగింటి చిసోమో పిండి చేతులతోనే ఎదురొచ్చి చాప పరిచేది. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉన్న కూతురి దగ్గరికి చేరాక అలాంటి స్నేహితురాలు ఒక్కతైనా దొరక్కపోతుందా అని ఆమె ఆశ. నిన్న వేడి గారెల గిన్నెతో పక్కింటి చంద్రిక గుమ్మంలో నిలబడి పిలిచింది. తలుపు తెరుచుకోలేదు, గుమ్మం పక్కనున్న కెమెరా బెల్లులోంచి చంద్రిక గొంతు వచ్చింది: "టెక్స్ట్ చేసి రావాలి కదా ఆంటీ! బిజీగా ఉన్నా. అక్కడ పెట్టేసి వెళ్లండి." లోపల టీవీ నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. హైమావతికి ఒళ్లు మండిపోయింది. "పెట్టిపోడానికి నేను డెలివరీదాన్నా? మొన్న 'ఆ అడవిలో ఎలా బతికారు ఆంటీ' అని జాలిపడ్డావే, అక్కడ మనిషొస్తే మనిషే ఎదురొచ్చేది తల్లీ!" అని ఆ మెట్టుమీదే చతికిలబడి, కెమెరాలోకి గుర్రుగా చూస్తూ గారెలన్నీ తనే తినేసింది.