మొగిలి కనుమ ఎక్కలేని బస్సు

చిత్తూరు బస్సుల అడ్డా వెనక రేకుల షెడ్డులో మునస్వామి స్పానరు పట్టుకున్నాడంటే చుట్టూ పదిమంది చేరేవాళ్ళు. ఆ రోజులే వేరులెండి. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సు వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని తిరిగినప్పుడు, దాన్ని రాజేసి, మసి మొహాలతో ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ బండి కదిలించిన జంట మెకానిక్కు మునస్వామి, డ్రైవరు గంగాధరం. బంగారుపాళ్యం దాటి మొగిలి కనుమ కొండదారి ఎక్కేటప్పుడు ఆ బస్సు ఆయాసపడిపోతుంటే జనం దిగి నెట్టేవాళ్ళు, నెడుతూ గోవిందలు కొట్టేవాళ్ళు. ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు. ఇప్పుడు తలుచుకుంటే అదో వైభోగం!

1949లో బస్సు ఓనరు కృష్ణమూర్తి కొత్త డీజిలు బండి తెచ్చాడు. అబ్బో, ఏం బండి అది! పలమనేరు దాకా దిగి నెట్టే పని లేకుండా నాలుగు నెలలు తిరిగింది. ఆ తర్వాత ఒకరోజు గంగాధరం తోలుతుండగా మొగిలి కనుమ మధ్యలో రేడియేటరు పొంగి, ఆవిరి కక్కుకుంటూ ఆగిపోయింది.

మునస్వామి ఇంజను చల్లారనిచ్చి, రేడియేటరు మూత తీసి, స్టార్టు చేయించి తొంగి చూశాడు. నీళ్ళలో బుడబుడమని బుడగలు. ఇంజను లోపలి మంట నీళ్ళలోకి జొరబడుతోందన్నమాట. ఇంజను ఒంటికీ, పైన మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య రాగి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని గాస్కెట్టు అంటారు. కంపెనీ వేసి పంపిన ఆ రేకు నాసిదేమో, కాలిపోయింది. కొత్తది వేశాడు.

వేయడంలో మునస్వామికి ఒక పద్ధతి ఉంది. వేలూరులో గురువు నేర్పినది. మూలనున్న నట్టుతో మొదలుపెట్టి, చుట్టూ ప్రదక్షిణంగా బిగించుకుంటూ వచ్చి, చివర్న మధ్యవి బిగించడం. నట్టు నట్టుకీ ఒక గోవింద నామం. ఇరవై ఏళ్ళలో అలా బిగించిన కారు ఒక్కటీ తిరిగి రాలేదు. చూసేవాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

మూడు వారాలకు బస్సు మళ్ళీ పొంగింది. చిత్తూరు బావుల ఉప్పునీళ్ళకు రేడియేటరులో సున్నం పేరుకుందేమోనని చాకలి సోడా పోసి కడిగాడు. నీళ్ళ గొట్టాలు మార్చాడు. రెండో గాస్కెట్టు వేశాడు. అదీ నెల తిరక్కుండానే పోయింది.

కృష్ణమూర్తికి అసలే ముక్కు మీద కోపం. అడ్డాలో అందరి ముందూ నిలదీశాడు. "ఏం మునస్వామీ, ఇది బస్సా, నీళ్ళు కాగే అండానా? తప్పు యాడుండాది, సెప్పు!"

మునస్వామికి తల కొట్టేసినట్టయింది. నోటికొచ్చింది అనేశాడు. "నీళ్ళు సూసుకోకుండా తోలితే ఏ గాస్కెట్టు నిలుస్తాది సామీ?"

పక్కనే ఉన్న గంగాధరం ఉలిక్కిపడ్డాడు. "కనుమ కింద నీళ్ళు పోసినాను కదబ్బా..." అన్నాడు. మునస్వామి అటు చూడలేదు. మునస్వామి మాటంటే ఆ అడ్డాలో మాటే. ఆ పూటే గంగాధరం పని పోయింది. పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని అత్తగారి ఊరు బంగారుపాళ్యం వెళ్ళి, మామిడితోపు కాపలాకు కుదిరాడు.

మూడో గాస్కెట్టు పడింది. కొత్త డ్రైవరు ప్రేమానందం మహా జాగ్రత్త మనిషి. సీటు పక్కనే రెండు డబ్బాల నీళ్ళు, మైలురాయి మైలురాయికీ దిగి రేడియేటరు చూడటం. అయితేనేం, ఇరవయ్యో రోజున అదే కనుమలో మళ్ళీ ఆవిరి. ఆ కబురు వినగానే మునస్వామి స్పానరు కింద పెట్టేశాడు. డ్రైవరు మారాడు, నీళ్ళు మారాయి, గొట్టాలు మారాయి. మారనివి తన చేతులే.

తను వేసి పాడైన మూడు గాస్కెట్లూ పక్కపక్కన పరిచాడు. మూడూ కాలింది ఒకేచోట, నట్టనడుమ. పక్కనున్న మంగలి అంగడి నుంచి మందపాటి అద్దం అడిగి తెచ్చి, పెళ్ళాం గంగులమ్మ కాటుకలో ఆముదం కలిపి దాని మీద పలచగా పూశాడు. నలుగురి సాయంతో హెడ్డును దానిమీద బోర్లించి, ఎత్తి చూశాడు. అంచుల చుట్టూ నల్లగా అంటుకుంది. నడుమ జానెడు మేర తెల్లగా మిగిలింది. అక్కడ హెడ్డు వంగి లేచిపోయింది.

చుట్టూ ముందే బిగిస్తే నడుమ ఉబ్బు అలాగే నిలిచిపోతుంది. చిన్న పెట్రోలు కార్లు దాన్ని ఓర్చుకున్నాయి. డీజిలు ఇంజను ఒత్తిడి దాన్ని ఓర్వదు. ఇరవై ఏళ్ళు పూజలా చేసిన పనే బండిని చెరిచింది.

గరుకు కాగితంతో రెండు రోజులు రుద్ది హెడ్డును సమం చేశాడు. నడిమి నట్లతో మొదలుపెట్టి, అటొకటి ఇటొకటిగా కొద్దికొద్దిగా బిగించాడు. నెల గడిచింది. నిండు జనంతో బస్సు కనుమ ఎక్కుతూనే ఉంది. ఒక్క బుడగా లేదు. అడ్డాలో మునస్వామి పేరు మళ్ళీ మారుమోగింది. ఆయనకేమో అన్నం సయించడం మానేసింది.

సంగతి గంగులమ్మకు చెప్పాడు. ఆమె, "సరిజేసినావు కదా, ఇంగ నోరు మూసుకోని ఉండు. మనకు కూడు పెట్టేది ఆ పేరేనయ్యా" అంది.

"ఆ పేరు వాని కూడు తీసేసింది మే," అన్నాడు మునస్వామి.

మర్నాడు అడ్డాలో, బస్సు బయల్దేరే వేళ, జనమంతా ఉండగా కృష్ణమూర్తి ముందు నిలబడ్డాడు. "తప్పు నాది సామీ. నట్లు బిగించేదాంట్లో ఉండాది. గంగాధరం సేసిందేమీ లేదు."

కృష్ణమూర్తి నోరు తెరిచాడు. "పిచ్చి గానీ పట్టిందా? ఇది ఇన్నాక నీ దగ్గరికి బండి ఎవురు తెస్తారప్పా?"

"తేకపోతే మానిరి. వాణ్ణి పనిలో పెట్టుకోండి సామీ."

కృష్ణమూర్తి గొణుక్కుని, గొణుక్కుని, చివరికి, "ఇంకో బండి కొంటా ఉండాను లే, దానికి డ్రైవరు గావాల. పిలుసుకోని రా పో" అన్నాడు.

అదే బస్సెక్కి మునస్వామి బంగారుపాళ్యంలో దిగాడు. తోపులో గంగాధరం కాలవ తీస్తున్నాడు. చిక్కిపోయాడు. మునస్వామి దాచకుండా అంతా చెప్పాడు, తలెత్తకుండా చెప్పాడు. తిడతాడనుకున్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

గంగాధరం పార కింద పెట్టాడు. "అట్లనా?" అన్నాడు మెల్లగా. "నీళ్ళు పోసింది నా కండ్ల ముందర కనపడతానే ఉండెనబ్బా. అయినా సెప్పింది నువ్వు కదా. నువ్వు అబద్ధం సెప్పవు, నేనే మరిసిపోయింటా అనుకుంటి. తప్పు నాదేనని మా పిల్లోళ్ళకు గూడా సెప్పేస్తిని."

మునస్వామి ఆ కాలవ గట్టు మీదే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని భోరుమన్నాడు.