మన్మథరావు గారి కాల్షియం

ఎవరు ఏ తప్పు చేసినా మన్మథరావు గారు మనిషిని తిట్టరు. కాల్షియాన్ని తిడతారు.

నర్సీపట్నంలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆయన లెక్కలో ప్రతి కణానికీ గుమ్మాలుంటాయి. మెదడులో గుమ్మం తెరుచుకుంటే కాల్షియం లోపలికొచ్చి ఎంజైములను తట్టి లేపుతుంది. అవి జరిగినదాన్ని జ్ఞాపకంగా నిలుపుతాయి. కండలో అయితే కాల్షియం లోపలి అరల్లోంచి వస్తుంది, కండ బిగుస్తుంది. ఇక మనుషుల తప్పేముంది?

భార్య వెంకటదుర్గకు ఇదే మంట. పులుసులో ఉప్పు మరిచిపోతే, నీ తప్పు కాదు, ఎంజైము లేవలేదంటారు. గొలుగొండ ఆటో ఆవిడ కాలు తొక్కిన రోజున, బ్రేకు మీది కాలికి కబురు ఆలస్యమైందని డ్రైవరునే ఓదార్చారు.

"ఒక్కసారి నన్ను తిట్టండి. మొగుడున్నట్టుంటాది" అని ఆవిడ బతిమాలింది. ఆయన చాలాసేపు ఆలోచించి, తిట్టడానికి కావలసిన గుమ్మాలు తనలో తెరుచుకోవడం లేదన్నారు.

పక్కింటి కృపామణికి పక్షవాతం వచ్చి తగ్గింది. కుడిచెయ్యి మాత్రం ఏది పట్టుకున్నా వదలదు. ఒక ఆదివారం చర్చిలో కానుకల పళ్ళెం పట్టుకుని అలాగే ఉండిపోయింది. సంఘపెద్ద తోమా లాగాడు. రాలేదు. గట్టిగా లాగితే నాణేలు బెంచీల కిందికి దొర్లాయి. ఇచ్చింది తిరిగి తీసుకుంటోందని వెనక ఎవరో నవ్వారు.

"ఒదల్డానికి కూడా బద్ధకమేటమ్మా?" అన్నాడు తోమా.

పుట్టిన దగ్గర్నుంచి ఆదివారం మానని కృపామణి, ఇక చర్చికి రానని తలుపేసుకుంది.

మన్మథరావు గారు ఆ తలుపు బయట కూర్చుని పాఠం మొదలుపెట్టారు. ఆమె వెళ్ళిపొమ్మంది. మర్నాడూ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. పాఠం ఆపించడానికే కాబోలు, ఆమె తలుపు తీసింది. అప్పట్నుంచి రోజూ ఆమె చేతికి ఒక గిన్నె ఇచ్చి, అది వదిలేదాకా కదిలేవారు కాదు.

"బిగించడం సులువమ్మా. వదలడానికే బలం కావాల. కాల్షియాన్ని మళ్ళీ అరల్లోకి తోసుకోవాల. మెదడు కబురు సరిగ్గా అందక నీకది ఇంకా కష్టం. బద్ధకం కాదు."

"అందరి ముందూ మళ్ళీ పట్టేస్తే?"

"పట్టెయ్యనీ. ఆగుదాం."

ఆదివారం ఆయన భార్యను వెంటబెట్టుకెళ్ళి, ఆడవాళ్ళ వైపు బెంచీలో కృపామణి పక్కనే కూర్చున్నారు. మగవాళ్ళ వైపు వెళ్ళమని ఎవరో చెప్పారు. వినిపించుకోలేదు.

పళ్ళెం వచ్చింది. కృపామణి కానుక వేసింది. చెయ్యి బిగుసుకుంది. తోమా ఒక అంచు పట్టుకున్నాడు. మన్మథరావు గారు రెండో అంచు పట్టుకున్నారు.

"ఆగండి తోమా గారూ. నా చెయ్యి కూడా పట్టేసింది."

వెంకటదుర్గ ఆ చేతివంక చూసింది. దానికి ఏ జబ్బూ లేదు. ఇన్నేళ్ళూ ఎవరెవరి సిగ్గును ఆ కాల్షియం మీదికి తోసేశారో ఆమెకు అప్పుడు తట్టింది.

తోమా లాగలేదు. కృపామణి కళ్ళు మూసుకుంది. ఒక్కొక్కటిగా వేళ్ళు విడివడ్డాయి. మన్మథరావు గారి చెయ్యీ సరిగ్గా అప్పుడే నయమైంది.

పళ్ళెం వెంకటదుర్గకు వచ్చింది. ఆమె కానుక వేసి, పళ్ళెం పట్టుకుని కూర్చుంది.

"మీకూనా అమ్మా?" అన్నాడు తోమా.

"ఆగు బాబూ. కంగారేటి?"

వెనక బెంచీలోనూ పళ్ళెం వదలడం ఆలస్యమైంది. ఆ వెనక బెంచీలో ఇంకాస్త ఆలస్యమైంది. తోమా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాస్టరు గారు అందరినీ ఒకసారి చూసి, ఇంకో కీర్తన ఎత్తుకున్నారు.