వెంకటలక్ష్మమ్మకు ఇష్టమైన కూర

కడపలో రింగురోడ్డు మీద, టైర్ల అంగడిని ఆనుకొని ఒక చిన్న హోటలు ఉండేది. బోర్డు మీద ‘జోహ్రా మొరాకో భోజనం’ అని రాసి, పక్కన గోపురం లాంటి మూత ఉన్న మట్టిచట్టి బొమ్మ వేయించారు. ఆ బొమ్మ చూసి, పూలకుండీలు అమ్ముతారేమోనని లోపలికి వచ్చి అడిగి పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

హోటల్లో పనివాళ్ళంటూ ఎవరూ లేరు. వంట రామసుబ్బమ్మ చేసేది. ఆమె భర్త తిమ్మయ్య గల్లా దగ్గర కూర్చునేవాడు. కొడుకు భూపేష్ వడ్డించేవాడు, బల్లలు తుడిచేవాడు, ఎవరూ రాని పొద్దు ఫోన్ చూసుకుంటూ ఉండేవాడు. ఎవరూ రాని పొద్దులే ఎక్కువ.

రామసుబ్బమ్మది బద్వేలు పక్క పల్లె. బోర్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయిన కాలంలో, భూపేష్ ఇంకా పలక పట్టుకొని బడికి పోతున్నప్పుడు, ఆమె కువైట్‌కు పోయింది. మొదట ఒక ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఆ ఇంటి సంగతి ఆమె ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడేది కాదు. రెండేళ్ళ తర్వాత రాయచోటి డ్రైవరొకడు పుణ్యం కట్టుకొని, ఆమెను ఒక మొరాకో కుటుంబం నడిపే హోటల్లో చేర్పించాడు.

ఆ హోటలు జోహ్రా అనే ముసలామెది. ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు, ఆమె, అందరూ అందులోనే పనిచేసేవాళ్ళు. జోహ్రాకు తెలుగు రాదు, రామసుబ్బమ్మకు అప్పటికి అరబ్బీ సగమే వచ్చు. అందుకని ముసలామె మాటలు పక్కనపెట్టి, మణికట్టు పట్టుకొని వంట నేర్పింది. మంట ఎంత తగ్గించాలో, ఎర్రగడ్డలు మాడకుండా ఎంతసేపు మగ్గనివ్వాలో, నిమ్మకాయలను కారం లేకుండా ఉప్పులో ఎట్లా ఊరేయాలో చేతితోనే చెప్పింది. గిన్నెలు కడగడానికి చేరిన రామసుబ్బమ్మ కొన్నేళ్ళకు పొయ్యి దగ్గరికి వచ్చింది.

ఆమె వదిలిన గిన్నెల దగ్గరికి వేంపల్లె వైపు నుంచి వెంకటలక్ష్మమ్మ అనే ఆమె వచ్చింది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. మధ్యాహ్నం పని సద్దుమణిగాక వెనక మెట్ల మీద కూర్చొని మొగుడికి ఫోన్ చేసేది. ఆమె నవ్వితే ముందర తినేవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

కరోనా వచ్చిన ఏడు ఆమెకు జ్వరం తగిలింది. అంబులెన్స్ వచ్చి తీసుకుపోయింది. మళ్ళీ రాలేదు. విమానాలు లేవు, శవాన్ని పంపే దారి లేదు, అక్కడే పూడ్చారని తెలిసింది. వేంపల్లెకు ఫోన్ చేసి ఆ మాట చెప్పింది రామసుబ్బమ్మే. ఆ మరుసటి ఏడు జోహ్రా కొడుకులు హోటలు మూసేసి తల్లిని తీసుకొని వాళ్ళ దేశానికి పోయారు. రామసుబ్బమ్మ కడపకు వచ్చింది.

తనకు బాగా వచ్చిన పని అదొక్కటే కాబట్టి ఆ వంటతోనే హోటలు పెట్టింది. మొదట్లో జనం వింత కోసం వచ్చారు. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు కొందరు, కళ్ళు మూసుకొని వాసన చూసి, పుదీనా టీ తాగిపోయేవాళ్ళు. మిగతావాళ్ళు గోధుమరవ్వతో చేసే కుస్కుస్ చూసి “ఉప్మా తినేదానికి ఇంత దూరం రావాల్నా?” అన్నారు. మాంసం తియ్యగా ఉందని ముఖం చిట్లించారు. “బిర్యానీ లేదా?” అనే మాట వినీవినీ భూపేష్‌కు విసుగొచ్చింది.

“మండీ పెడ్దాం మా. ఆ అరబ్బు బిర్యానీనే ఊరంతా తింటాండారు” అనేవాడు.

“చూద్దాంలే” అనేది ఆమె.

పెద్దల అమావాస్యకు ముందురోజు, మధ్యాహ్నం వేళ, ఒక మనిషి వచ్చి వాకిట్లో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. హోటల్లో చెప్పులు విడవక్కర్లేదని భూపేష్ చెప్పినా వినలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకొని, ఫ్యాను కింద కాకుండా మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. వంటామెను ఒకసారి పిలవమన్నాడు.

రామసుబ్బమ్మ గరిటె పట్టుకొనే వచ్చింది.

“అక్కా, రామసుబ్బమ్మ అంటే నువ్వేనా?”

“నేనేనప్పా. మీదేవూరు?”

“వేంపల్లె పక్కన. నేను ఓబుళేశును. వెంకటలక్ష్మమ్మ మొగుణ్ణి. ఆపొద్దు నాకు ఫోన్ చేసింది నువ్వే కదక్కా.”

ఆమె గరిటెను బల్ల మీద పెట్టి, వాకిలి గోడకు ఆనుకుంది. ఏదో ఒక రోజు వేంపల్లెకు పోయి ఈ మనిషిని చూడాలని తిరిగి వచ్చినప్పటి నుంచీ అనుకుంటూనే ఉంది. పోలేదు.

ఓబుళేశు మెల్లగా చెప్పుకొచ్చాడు. “అది పోయినాక ఇన్నేండ్లు పెద్దల పండగకు దానికి విస్తరి వేయలా. శవాన్ని చూడలా, పిడికెడు మన్ను వేయలా. యాడో బతికే ఉండాదేమో అని నా పిచ్చి. ఈ యేడు మా అత్తమ్మ ఏడ్చింది. ‘నా బిడ్డకు తిండి లేకుండా ఎన్నాళ్ళు పెడ్తావప్పా’ అనె. ఇంక పెడ్తామనుకున్యాం.”

“మంచిదప్పా.”

“దానికి ఇష్టమైంది పెట్టాల కదా. ఫోన్లో ఎప్పుడు జూసినా ఒక కూర గురించే చెప్తాండె. మాంసంలో ఎండుపండ్లు, బాదంపప్పులు ఏసి తియ్యగా వండుతారంట కదా. ‘ఈపొద్దు గూడా అదే తిన్యా, నోట్లో పెడ్తే కరిగిపోతాది, నేనొచ్చినాక నీకు చేసిపెడ్తా’ అనేది. ఆ కూర నీ దగ్గర ఉండాదని మా అన్నకొడుకు ఫోన్లో చూసి చెప్పె. ముందు నేను రవ్వంత తిని చూస్తా. ఆనాక దానికి కట్టియ్యి.”

ఆ కూర పొద్దున్నుంచీ మట్టిచట్టిలో సన్నటి సెగ మీద ఉంది. భూపేష్ చట్టిని అట్లాగే తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశాడు. దాల్చిన చెక్క వాసనతో ఆవిరి లేచింది. నల్లగా నిగనిగలాడే ఎండుపండ్లు, వాటి కింద ఎముక నుంచి విడిపోతున్న మాంసం. పక్కన గుండ్రటి రొట్టె. ఓబుళేశు ఆ చట్టి వైపు కాసేపు చేతులు కట్టుకొని చూశాడు. తర్వాత ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు.

నమల్లేకపోయాడు. సంగటి, కారం, పులుసు తిని పెరిగిన నాలుక అది. నీళ్ళతో మింగి, ఇంకో ముక్క తీసుకున్నాడు. దాన్నీ మింగాడు. “బాగుండాది” అన్నాడు ఎవరూ అడక్కుండానే. మూడో ముక్కను చేతిలో పట్టుకొని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

లోపల రామసుబ్బమ్మ స్టీలు క్యారియరు తీసింది. కూర ఎత్తబోయి ఆగిపోయింది.

వెంకటలక్ష్మమ్మ ఈ కూరను ఒక్కనాడూ తినలేదు. జోహ్రా ముసలమ్మ ప్రేమగా పళ్ళెంలో వేసిస్తే, ఆమె కన్నుగప్పి రామసుబ్బమ్మ పళ్ళెంలోకి దొర్లించేది. “మాంసంలో చక్కెర ఏసుకొని తినేవాళ్ళకు దండం పెట్టాలక్కా” అనేది. ఎన్నేళ్ళున్నా ఆమె తిన్నది తెల్లన్నం, శెనిక్కాయలు నూరిన పచ్చడి, అదే ఊరిబిండి. వెనక మెట్ల మీద నూనె డబ్బా తిరగేసుకొని కూర్చొని, అదే తింటూ మొగుడికి తియ్యటి మాంసం కబుర్లు చెప్పేది. అట్లా ఎందుకు చెప్తావని రామసుబ్బమ్మ ఒకసారి అడిగింది కూడా. “ఆయప్ప ఆడ సంగటి ముద్ద తిని పండుకుంటాడు. నేను గూడా అన్నమూ ఊరిబిండే తింటాండా అంటే, మరి అంత దూరం ఎందుకు పోతివి అంటాడు కదక్కా” అని చెప్పింది.

చనిపోయినామెకు ఆమె ముట్టని కూర విస్తట్లో పెట్టడమా? ఏమీ ఎరగనట్టు క్యారియరు కట్టిచ్చి పంపితే ఓబుళేశుకు ఎప్పటికీ తెలియదు. రామసుబ్బమ్మ ఖాళీ చేతులతో బయటికి వచ్చింది. గల్లా దగ్గర తిమ్మయ్యకు ఆమె ముఖం చూడగానే ఏదో చెప్పబోతోందని అర్థమై, వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె పోయి ఓబుళేశు ఎదురుగా కూర్చుంది.

“ఓబుళేశప్పా, బలవంతంగా తినొద్దు. ఆయమ్మ గూడా ఇది తినలా.”

“ఏందక్కా?”

“తియ్యటి మాంసం ఆయమ్మకు సరిపడలా. అన్నం వండుకొని, ఊరిబిండి నూరుకొని తినేది. నాకు గూడా పెట్టేది.”

“మరి ఫోన్లో…”

“నువ్వు దిగులుపడతావని.” నూనె డబ్బా మీద కూర్చొని వెంకటలక్ష్మమ్మ అన్న మాటను అన్నది అన్నట్టే చెప్పింది.

ఓబుళేశు చేతిలోని ముక్కను మళ్ళీ చట్టిలో పెట్టాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తిరిగొచ్చి తువ్వాలు భుజాన వేసుకున్నాక అన్నాడు, “ఎందుకు చెప్తివక్కా? అది ఆడ మంచి తిండి తిన్యాది అనే మాటొక్కటి మిగిలుండె నాకు. రాత్రిపూట అదే అనుకొని పండుకుంటాంటి. అది గూడా తీసేస్తివి.”

అతను చెప్పులు వేసుకొని, ఎండలో బస్టాండు వైపు నడిచిపోయాడు. క్యారియరు తీసుకోలేదు.

ఆ తర్వాత తినడానికి ఎవరూ రాలేదు. తిమ్మయ్య ఎప్పటిలాగా వచ్చీపోయే లారీలను చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి తల తిప్పకుండానే అడిగాడు.

“మేయ్, నువ్వు గూడా ఫోన్లో అట్లనే చెప్పినావా?”

“ఏమని?”

“మొదట పనిచేసిన ఇంట్లో నీకు ఒక గది ఇచ్చినారని. ఏసీ ఉండాదని. ఇంటామె మంచిదని.”

ఆమె కొంగుతో బల్ల తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

“గది లేదు. వంటింట్లో ఫ్రిజ్ పక్కన పండుకుంటాంటి. బయట గడియ పెట్టేవాళ్ళు.” ఎడమచేతి మీది మచ్చను కుడిచేత్తో మూసి పట్టుకుంది. “నూనె పడిందని చెప్పినా కదా, అది కాదు. చొక్కా ముడతలు పోలేదని ఆ ఇంటామె ఇస్త్రీపెట్టె పెట్నాది.”

భూపేష్ ఫోన్ పక్కన పెట్టాడు. చిన్నప్పటి నుంచీ ఆ మచ్చ ఫోటోల్లో చూస్తూ పెరిగినవాడు, ఇప్పుడు తల్లి చేతి వైపు చూడలేక తలుపు వైపు చూశాడు.

తిమ్మయ్య లేచి బయటికి పోయి టైర్ల మధ్య నిలబడ్డాడు. చాలాసేపటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“నాకు అనుమానం ఉండె. నీ గొంతు పట్టి తెలుస్తాండె. అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను రమ్మనాల. రమ్మంటే ఈడ పొయ్యి ఎట్ల వెలుగుతాది? అందుకే అడగలా.”

ఆమె ఏడవలేదు. కోపగించుకోలేదు. “సరేలే” అంది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరిగారు. కూర అట్లాగే మిగిలిపోయింది.

అమావాస్య నాడు పొద్దుగూకే వేళ ఓబుళేశు ఫోన్ చేశాడు.

“అన్నమూ, ఊరిబిండీ పెడ్తిమక్కా. కాకి రాలా. పొద్దు నెత్తికెక్కేదాకా చూస్తిమి. ఈ మద్దె ఊర్లో కాకులే కనపడ్డంలేదు. ఆఖరికి ఆవుకు పెడ్తిమి.” మళ్ళీ తనే అడిగాడు, “అది చింతపండు ఏసి నూరుకుంటాండెనా, ఏయకుండానా?”

“ఏసేదప్పా. శానా ఏసేది.”

“మేము ఏయలా” అన్నాడు. ఆమె ఏమీ అనకముందే మళ్ళీ అన్నాడు, “నీ మీద కోపం పోలేదక్కా. కానీ దాని గురించి అడిగేదానికి నాకు ఇంకెవురుండారు?”

చలికాలం వచ్చేసరికి బోర్డు మారింది. భూపేష్ మాటే నెగ్గింది. ఇప్పుడక్కడ మండీ దొరుకుతుంది. ఆదివారాలు జనం నిలబడి తింటారు. రామసుబ్బమ్మ పొద్దున్నే వచ్చి బియ్యం కడిగి, కోళ్ళకు మసాలా పట్టించి పెడుతుంది. తిమ్మయ్య మునుపటికంటే తక్కువ మాట్లాడతాడు. గడప దాటేటప్పుడు ఆమె చేతిలోని బరువు ఏదైనా అందుకుంటాడు, అంతే.

ఓబుళేశు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. చిన్నచిన్న సంగతులు అడుగుతాడు. చలికి దానికి దగ్గు వచ్చేదా? ఊరి పాటలేమైనా పాడేదా? తెలిసినవి ఆమె ఉన్నదున్నట్టు చెబుతుంది. తెలియనివి తెలియవంటుంది. ఒకనాడు అతను ఇన్నాళ్ళూ దాటవేస్తూ వచ్చినది అడిగాడు.

“అంబులెన్స్ ఎక్కేటప్పుడు అది ఏమన్నా అనిందా అక్కా?”

రామసుబ్బమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

“లేదప్పా. మూతికి గుడ్డ కట్టినారు. మమ్మల్ని దగ్గరికి రానీలా. మెట్ల మీంచి చూసినా. నా వైపు తిరిగిందో లేదో గూడా నాకు తెలీదు.”

అవతల చాలాసేపు గాలి చప్పుడు, దూరంగా ఎక్కడో గొర్రెల అరుపులు వినిపించాయి. ఆమె ఫోన్ పెట్టేయలేదు, అతనూ పెట్టేయలేదు.