చెవిలో హోరు, కొండగావ్ గంటలు

మే ఇరవయ్యో తేదీ, మంగళవారం, తెల్లవారుజామున ఐదూ నలభైకి నా ఎడమ చెవిలో హోరు మొదలైంది. ముందు ఫ్రిజ్ అనుకుని ఆపాను. తర్వాత ట్యూబులైటు ఆపాను. చివరికి స్టూలెక్కి ఇంటి మెయిన్ దించేశాను. కోడలు విమల గదిలోంచి వచ్చింది.

"కరెంటు పోయిందా అత్తమ్మా?"

"నేనే తీసిన. ఏదో కూస్తుంది."

"ఏం కూస్తలేదే."

అది ఇంట్లో లేదని అప్పుడు తెలిసింది.

కీచురాయి ఒకటి ఊపిరి తీసుకోకుండా అరిచినట్టు ఉంటుంది. కుడి చెవి నాకు ఎప్పటినుంచో మందం. భద్రాచలంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, చెవి పొరకేమీ కాలేదు, వయసుతో వస్తుంది, అలవాటవుతుంది అన్నాడు. ఎన్నాళ్లకని అడిగాను. ఒక్కొక్కరికీ ఒక్కోలా అన్నాడు. నాకు డెబ్బై రెండేళ్లు. తేదీ లేని మాట నాకు సరిపడదు. ఆ నెలలో పదకొండు రాత్రులు నిద్ర లేదు. రెండుసార్లు బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడ్చాను.

సరిహద్దు ఊరు కోంటాలో మాది ఇనుప సామాన్ల దుకాణం. నాగలి కర్రులు, గొలుసులతోపాటు పశువుల మెడలో కట్టే గంటలు అమ్ముతాం. వానలకు అడవి గుబురెక్కితే మేతకు పోయిన ఆవు కనపడదు, దాని గంట వినపడాలి. అందుకే ఏటా జూన్‌లో గంటలు చేసే ఊరు కొండగావ్ వెళ్లి, ఒక్కొక్కటీ వాయించి చూసి నలభై గంటలు తెస్తాను. ముప్పై ఎనిమిదేళ్లలో పగులుందని తిరిగొచ్చినవి రెండే. ఈ ఏడు ఫోనులో చెప్పి తెప్పిద్దామంది విమల. నేనే వెళ్తానన్నాను. చెవి పనికిరాదని తేలితే గంటలమ్మడం మానేస్తానని కూడా చెప్పాను. నేను విని చూడని గంటకు నా మాట ఇవ్వలేను.

జూన్ పంతొమ్మిది, గురువారం, 6.15కి జగదల్‌పూర్ బస్సు. టికెట్టు రెండు వందల అరవై. దోర్నపాల్‌లో కోడిపుంజు బుట్టతో దేవమ్మ ఎక్కింది. పాత ఖాతాదారు, దోర్ల తెగ రైతు.

"ఏంది పెద్దమ్మా, గంటలకేనా?"

"గంటలకే."

"మా బర్రె మెడది నీ కాడ కొన్నదే. తొమ్మిదేండ్లాయె. బర్రె సచ్చింది, గంట సావలే. దాని దూడకు కట్టినం."

సుక్మాలో ఆమె దిగేదాకా ఆ మాటే తలచుకుంటూ కూర్చున్నాను.

దర్భా ఘాటు ఎక్కుతుండగా ఒక సంగతి గమనించాను. ఇంజను మోత, అద్దాల గలగల, కిటికీలోంచి గాలి. చెవిలో హోరు మాత్రం లేదు. 10.50కి టీ కోసం ఆపి డ్రైవరు ఇంజను కట్టేయగానే మళ్లీ వచ్చింది. ఆ రెండూ డైరీలో రాసుకున్నాను. నాలాంటి చెవి ఉన్నవారు ఈ దారిన వెళ్తే కిటికీ పక్క సీటు అడగండి.

జగదల్‌పూర్ 12.40. బస్టాండు ఎదురుగా అన్నం, పప్పు, బెండకాయ కూర. లాడ్జిలో గదికి ఆరు వందలు. ఫ్యాన్ బాగా చప్పుడు చేసే గది కావాలంటే తాళాలిచ్చే మనిషి నన్ను వింతగా చూశాడు.

మర్నాడు ఏడింటి బస్సుకు కొండగావ్, 9.05. గంటలు పోతపోసే సోనామతి ఇల్లు బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు. ఆమెకు అరవై దాటాయి. మేము మాట్లాడుకునేది హల్బీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఎప్పటిలాగే నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి, చప్పుడు రాకుండా తలుపు మూసింది. గంటను వేలికి తగిలించి, మేకుతో తట్టి, మోత ఆగేదాకా లెక్కపెడతాను. మంచి గంట ఆరు దాకా నిలుస్తుంది. సన్నటి పగులున్నా మూడుకే పడిపోతుంది.

మొదటిది తట్టాను. ఆరు, ఏడు, పది, పదిహేను. ఆగలేదు. గంట ఎక్కడ ఆగిందో, నా చెవి ఎక్కడ అందుకుందో తెలియలేదు. రెండోదీ అంతే. ఎనిమిది చూసి ఎనిమిదీ మంచివన్నాను.

సోనామతి అందులోంచి ఒకటి తీసింది. "దీదీ, ఇది పగిలిందని నేను పక్కన పెట్టింది. ఎలాగో కలిసింది. దీన్ని మంచిదన్నావు."

"అన్నాను."

"నువ్వా?"

ఆమె ముందు నేను తల దించడం అదే మొదలు. "చెవిలో కీచురాయి దూరింది సోనా. నెలయింది."

"బయటికి తోలే దారి లేదా?"

"డాక్టరు చూపించలేదు."

"పోనీలే. నలభై నేనే ఏరి పెడతాను. నువ్వు పేజ్ తాగు." పేజ్ అంటే రాగి అంబలి. ప్రేమతోనే అంది. దొప్ప చేతికి తీసుకుని, తాగకుండానే కింద పెట్టాను.

అప్పుడు వాన మొదలైంది. ముందు చావడికి రేకుల కప్పు. తలుపు తీసి అక్కడికి వెళ్లి నిలబడితే, రేకుల మీది వాన మోతకు చెవిలో హోరు లేదు. ఇంజను ఆగగానే హోరు వచ్చిందని డైరీలో రాసిన 10.50 గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నిశ్శబ్దం అడిగి తీసుకున్నాను. ఇప్పుడు నాకు అడ్డం అదే.

"చాప ఇక్కడ వెయ్యి."

"వానలోనా? ఏం వినపడుతుంది దీదీ, కప్పలా?"

పగిలిన గంటనే ముందు తట్టాను. రెండుకు చచ్చింది. "నీకు బాగా నమ్మకమైనది ఒకటి ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, తర్వాత వాన. మూడుసార్లు తట్టాను, మూడుసార్లూ నాలుగే. వాన కింద మంచి గంట లెక్క నాలుగు.

మంచివన్న ఎనిమిదీ మళ్లీ మొదటినుంచి చూశాను. మొత్తం యాభై మూడు తట్టి, నలభై తీసుకున్నాను. సోనామతి ఏరి పెట్టిన వాటిలోనే ఒకటి రెండుకు పడిపోయింది. అది మంచిదేనని ఆమె వాదించింది. చివరికి నూనె రాసి, తుడిచి, బూడిద చల్లింది. లోపల నిలిచిన నూనెకు బూడిద అంటి వెంట్రుకంత గీత తేలింది. దాన్ని గోటితో గీకి చూసి, "నీ కీచురాయికి కూడా ఒక దొప్ప పేజ్ పొయ్యనా?" అంది. ఈసారి రెండు దొప్పలు తాగాను.

రాత్రికి లాడ్జికి తిరిగొచ్చి, శనివారం 7.00కి జగదల్‌పూర్‌లో కోంటా బస్సు ఎక్కాను. ఏటా గంటలు మోగకుండా గడ్డి కుక్కి తెచ్చేదాన్ని. ఈసారి కుక్కలేదు. మొదటి మలుపుకే కండక్టరు వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, మందనెక్కించినవా?"

"నలభై తలలు. టికెట్టు కొడతవా?"

బస్సంతా నవ్వింది. టీ దగ్గర ఇంజను ఆపగానే హోరు వచ్చింది. కాలితో సంచిని ఒక్కసారి కదిపాను.

కోంటా 1.25. విమల బస్టాండుకే వచ్చింది. సంచి మోత విని, ఒక కొస పట్టుకుంది. ఈసారి నలభై గంటలకూ నా మాట ఉంది.

హోరు తగ్గలేదు, ఇది రాస్తుంటే కూడా ఉంది. మే ఇరవై నుంచి జూన్ ఇరవై ఒకటి దాకా పోయినవి: పదకొండు రాత్రుల నిద్ర. ఒంట్లో రెండు కిలోల బరువు. సోనామతి చావడిలో మరచిన గొడుగు. నిశ్శబ్దం, మొత్తం. ఒక్కో గంటకు చివరి రెండు లెక్కలు.